గడప బయటి రేకు డబ్బా

తోర్వా పేటలో మా ఇంటి వరండాలో, గడపకి ఎడమ పక్కన, గోడకి కొట్టిన మేకుకి ఒక రేకు డబ్బా వేలాడుతూ ఉంటుంది. కొత్తగా వచ్చినవాళ్ళు దాన్ని పోస్టు డబ్బా అనుకుంటారు. కరెంటు బిల్లు ఇచ్చేవాడు బిల్లుని మడిచి అందులో పడేసి పోతే నేను వీధి చివరిదాకా వినబడేలా కేకలేస్తాను. మా మనవరాలు ఏడాదికి రెండుసార్లు, దీపావళికి ఇల్లు దులిపేటప్పుడోసారి, ఎండలకి ముందు సున్నం వేయించేటప్పుడోసారి, "తాతయ్యా, ఈ తుప్పు పట్టిన డబ్బా పడేద్దాం, ప్లీజ్" అంటుంది. పడేయను. మా ఇంట్లో నా చిన్ననాటి వస్తువు అదొక్కటే మిగిలింది. అందులో ఉండేవి చనిపోయినవాళ్ళ కాగితాలు. అవి ఇంట్లోకి రాకూడదు. ఎందుకు రాకూడదో, మరి బయటైనా ఎందుకు ఉండాలో చెప్పాలంటే, మొన్న ఎండలు ముదరకముందు లాల్‌ఖదాన్ బస్తీ నుంచి వచ్చిన ఒక పిల్ల సంగతి చెప్పాలి.

పేరు పార్వతి. ముప్పై ఏళ్ళు ఉండవు. చేతిలో పాలిథిన్ సంచి, దాని నిండా కాగితాలు. మా చుట్టుపక్కల తెలుగువాళ్ళలో గవర్నమెంటు ఫారాలు నింపిపెట్టే ముసలాడిగా నాకొక పేరుంది. చదువుకున్నది ఏడో తరగతి, మిగిలినదంతా నేనే తంటాలుపడి నేర్చుకున్నది. అయినా బ్యాంకుల్లో పనిచేసే మనవాళ్ళు కూడా తమ పనిమనుషుల్ని నా దగ్గరికే తోలుతారు, వాళ్ళకి తీరిక లేక.

"తాతా, విధవా పెన్షన్ ఫారం నింపేది మీరేనంట కదా? ఇంకోటి కూడా ఉందంట, ఇంటాయన పోతే గవర్నమెంటోళ్ళు ఒకేసారి ఇచ్చేది. నాకు సరిగా ఎవరూ చెప్పట్లేదు. ఒకరు వార్డు ఆఫీసంటారు, ఒకరు కలెక్టరేట్ అంటారు. తిరిగి తిరిగి చెప్పులరిగిపోయినాయి."

ఆమె భర్త కాంట్రాక్టు మీద వెల్డింగ్ పనిచేసేవాడు. జ్వరంతో పోయాడు. ఇద్దరు పిల్లలు. పెద్దది ఆరో తరగతి. దాన్ని బడి మాన్పించి ఎవరింట్లోనైనా పనికి పెట్టాలని అత్త అంటోందట. వచ్చే బుధవారం వార్డులో క్యాంపు పెడుతున్నారు, అధికారులందరూ ఒక్కచోటికే వస్తారు, ఆ రోజు ఫారం ఇవ్వగలిగితే పిల్ల బడికి వెళ్తుంది, లేకపోతే గిన్నెలు తోముతుంది. నేను సంచి బోర్లించి ఒక్కొక్క కాగితం చూశాను. ఆధార్లు ఉన్నాయి, రేషన్ కార్డు ఉంది, పిల్లల బడి కాగితాలున్నాయి. ముఖ్యమైనది లేదు.

"మరణ ధ్రువపత్రం ఏదమ్మా? ఇంకా ఇవ్వలేదా?"

"ఇచ్చినారు తాతా. ప్లాస్టిక్ కూడా వేయించినాను. అత్త దాన్ని అస్థికల్తో పాటు అర్పా నదిలో కలిపేసింది." ఆ పిల్ల గొంతు తగ్గించింది. "మునగలేదంట. రాయి కట్టి వదిలిందంట."

"ఎక్కడుంది మీ అత్త?"

"బయట కూకుంది. తిడతారని లోపలికి రానంది."

గేటు అవతల కల్వర్టు గోడ మీద, మాకు వీపు పెట్టి, ఒక ముసలామె కూర్చుని ఉంది. నాకు కోపం ఎక్కువ. ఆఫీసు కౌంటర్ల దగ్గర నా కోపం తెలియనివాళ్ళు ఈ ఊళ్ళో తక్కువ. లేచి గేటుకేసి నడవబోతూ నోరు తెరిచాను. అప్పుడు నా కన్ను డబ్బా మీద పడింది. తెరిచిన నోరు మూసుకుని, "లోపలికి రామ్మా, ఎండలో ఏటి?" అని మాత్రం అనగలిగాను. ఆమె రాలేదు. ఆమె వీపు మా నాయనమ్మ వీపులాగే ఉంది.

మా అయ్య రైలింజన్లు నిలిపే లోకో షెడ్డులో ఖలాసీ, అంటే సాయం పనివాడు. మా క్వార్టరు అంటే ఒక గది, ఒక వంటిల్లు, ముందు చిన్న వరండా. తెల్లవారుతూనే షెడ్డు కూత వినబడేది, దానికంటే ముందే నాయనమ్మ లేచి సిగిడీ పొయ్యి రాజేసేది. ఇంజన్లు రాల్చిన బొగ్గు ముక్కలు ఏరుకొచ్చి దాంట్లో వేసేవాళ్ళం. ఇప్పటికీ ఎక్కడైనా తడిబొగ్గు పొగ వాసన వస్తే నాకు ముందు ఆకలేస్తుంది, తర్వాత ఏడుపొస్తుంది. ఆ పొగకి తోడు ఎండు చేపలు కాల్చిన వాసన, అయ్య బట్టల్లోంచి నూనె వాసన, నాయనమ్మ చుట్ట వాసన. ఆమె అడ్డపొగ తాగేది, నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని. టెక్కలి దగ్గర మా ఊళ్ళో ఆడవాళ్ళందరూ అలాగే తాగేవారట. ఇక్కడి ఛత్తీస్‌గఢీ ఆడవాళ్ళకి మాత్రం అదొక తమాషా. పక్క క్వార్టరావిడ పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చి, "దాయీ, నోరు తెరు, నిప్పు చూపించు" అనేది. నాయనమ్మ గర్వంగా తెరిచి చూపించేది. ఆవిడ మాకు బాసి పెడితే, మేం ఆవిడకి చద్దన్నం పెట్టేవాళ్ళం. రెండూ ఒకటేనని ఇద్దరికీ తెలుసు, అయినా ఎవరిది రుచో తేలక ఏళ్ళ తరబడి వాదించుకున్నారు.

అయ్య కడుపునొప్పని పడుకుని మూడో రోజుకి పోయాడు. అప్పుడు నాకు పదేళ్ళు, చెల్లెలు పైడికి ఆరు. కర్మకాండ అయిపోయాక కొన్నాళ్ళకి ఆఫీసు బంట్రోతు వచ్చి ఒక కవరు ఇచ్చి, అమ్మ చేత వేలిముద్ర వేయించుకుని వెళ్ళిపోయాడు. అది హిందీలో ఉంది. మా క్వార్టర్ల వరసలో హిందీ అక్షరాలు కూడబలుక్కోగలిగినవాడు సింహాచలం మామ ఒక్కడే. పట్టాలు మార్చే పాయింట్స్‌మన్ పని ఆయనది. డ్యూటీ దిగి వస్తున్న మనిషిని నాయనమ్మ వరండాలో నిలబెట్టి కవరు చేతికిచ్చింది. ఆయన దాన్ని ముక్కుకి ఆనించుకుని మొదలుపెట్టాడు.

"స్వ... స్వర్... స్వర్గీయ..."

"అంటే ఏట్రా?"

"స్వర్గానికి ఎల్లినోడని, అత్తా. ఆ తర్వాత మనోడి పేరు రాసినారు."

"ఆపు. ఇంకొక్క ముక్క సదివితే నా మీద ఒట్టే. నా కొడుకు పోయినాడని ఆలు నాకు సెప్పాలేటి?"

"కింద ఇంకా శానా ఉందే..."

"ఎంతుంటే ఏటి? పోయినోడు కింది గీతలో లేసొస్తాడేటి?"

మాలో ఒక పద్ధతి ఉంది. చావు కబురు మోసుకొచ్చిన ఉత్తరం గడప దాటకూడదు. వాకిట్లోనే చదివి, అక్కడే చింపి పారేసి, కాళ్ళు కడుక్కుని లోపలికి వెళ్ళాలి. ఊరి నుంచి అలాంటి కార్డు ముక్కలు వచ్చినప్పుడు నేనూ చూశాను. నాయనమ్మ ఆ పద్ధతి ప్రకారమే చేసింది. కాగితాన్ని నాలుగు ముక్కలు చేసి క్వార్టర్ల వెనక బొగ్గు కుప్ప మీద పడేసింది, అందరి కాళ్ళ మీదా నీళ్ళు పోసింది. సింహాచలం మామ బతికిపోయినట్టు ఇంటికి వెళ్ళిపోయాడు, అంత పెద్ద కాగితం చదవాలంటే ఆయనకి పొద్దు గూకేది మరి. నేను మాత్రం ఎవరూ చూడకుండా వెళ్ళి ఒక ముక్క తెచ్చుకున్నాను. దాని మీద ఊదా రంగు గుండ్రటి సీలు ఉంది, ఎంతో బాగుందనిపించింది. పలక చట్రంలో ఇరికించి దాచుకున్నాను.

ఆ కాగితంలో ఏముందో ఇప్పుడు చెబుతాను. మొదటి పేరా అంతా అయ్య చావు. రెండో పేరా ఆయన సర్వీసు. మూడో పేరాలో, నీ భర్త పోయినందుకు నీకు రైల్వేలో పని ఇచ్చే ఏర్పాటుంది, ఫలానా లోగా ఆఫీసుకి రా, అంతవరకూ క్వార్టరు నీదే అని ఉంది. సాయం మూడో పేరాలో ఉంది! ఇప్పటికీ రాసుకుంటుంటే ఒళ్ళు మండుతోంది. మొగుడు పోయిన ఆడదానికి, చదువురాని దానికి, మొదటి మాటగా మొగుడు పోయాడనా చెప్పేది? "అమ్మా, నీకు పని ఉంది, రా" అని మొదటి గీతలో రాస్తే వాళ్ళ సిరా అయిపోయేదా? ఈ మాట నేను పెద్దయ్యాక ఎన్ని ఆఫీసులకి రాశానో లెక్కలేదు. ఒక్కరూ జవాబివ్వలేదు.

అమ్మ ఆఫీసు పిలుపు కోసం ఎదురుచూసింది. అదే అన్నిటికంటే అన్యాయం. ఏ కాగితం కోసం ఎదురుచూసిందో అది బొగ్గు కుప్పలో నానిపోయింది. ఇరుగుపొరుగువాళ్ళు ఆఫీసుకెళ్ళి పని అడగమంటే, "ఆలే కబురెడతారు. ఎట్టకపోతే లేదనే గదా. ఈ మొకమేసుకుని పొద్దున్నే ఆఫీసు మెట్లు ఎలా ఎక్కుతాను?" అనేది. కొత్తగా ముండమోసిన మనిషి పొద్దున్నే ఎదురురాకూడదని ఆమె మధ్యాహ్నాలే బయటికి వెళ్ళి బొగ్గు ఏరుకొచ్చి అమ్మేది. చద్దన్నంలో అన్నం తగ్గి నీళ్ళు పెరిగాయి. నాయనమ్మ చుట్ట మానేసింది. మానేశానని చెప్పలేదు, పళ్ళు నొప్పి అంది. ఒకరోజు ఒక మనిషి వచ్చి మా తలుపు మీద సుద్దముక్కతో గుర్తు పెట్టి వెళ్ళాడు. ఆ గుర్తు ఉంటే క్వార్టరు ఇంకొకరికి ఇస్తున్నారని అర్థం. నాయనమ్మ దాన్ని పేడనీళ్ళతో కడిగేసింది, కడిగితే పోతుందనుకుంది. అమ్మ ఊళ్ళో ఉన్న తన అన్నకి కబురు పెట్టింది. ఆయన ఆదివారం వచ్చి పైడిని తీసుకుపోతానన్నాడు. నేనూ, అమ్మా, నాయనమ్మా ఎక్కడికి పోవాలో ఇంకా తేలలేదు. పైడి గౌన్లు రెండూ ఉతికి, మడతపెట్టి, ట్రంకుపెట్టె మీద ఉంచారు. ఆ పిల్ల రోజూ వెళ్ళి వాటిని విప్పేసేది. అమ్మ మళ్ళీ మడతపెట్టేది.

శనివారం మధ్యాహ్నం ఒకాయన సైకిల్ మీద వచ్చాడు. ఖాకీ కాదు, తెల్ల చొక్కా, చెమటకి వీపుకి అతుక్కుపోయింది. వెల్ఫేర్ ఇన్‌స్పెక్టర్‌నన్నాడు. సింహాచలం మామని పిలుచుకొచ్చారు, మాటలు అటూ ఇటూ చెప్పడానికి. ఇన్‌స్పెక్టర్ అడిగిందల్లా ఒక్కటే. కాగితం పంపితే ఎందుకు రాలేదు? అమ్మ కళ్ళు తుడుచుకుంటూ, రమ్మన్న కాగితమేదీ రాలేదంది. ఆయనకి కోపం వచ్చింది. వేలిముద్ర ఉంది కదా, అబద్ధమాడతావేం అన్నాడు. అప్పుడు నేను పలక తెచ్చి చూపించాను. ఆయన చట్రంలోంచి ఆ ముక్క ఊడదీసి, వెలుగులో పట్టుకుని చూశాడు. సీలు పక్కన సగం సంతకం ఉంది.

"ఇది నా సంతకమే" అన్నాడు హిందీలో. ఆ తర్వాత నాయనమ్మ వైపు తిరిగి, "మాయీ, మిగిలింది ఏది?" అన్నాడు.

"సావు కాగితం ఇంట్లో ఎట్టుకుంటారేటి? సింపీసినాను" అంది నాయనమ్మ, తప్పు ఆయనదే అన్నట్టు.

మామ ఆ మాట హిందీలో చెప్పాడు. ఇన్‌స్పెక్టర్ వరండా మెట్టు మీద కూలబడిపోయాడు. తిడతాడనుకున్నాను. తిట్టలేదు. ఆ ముక్కని మోకాలి మీద పెట్టుకుని, చిరిగిపోయిన దాంట్లో ఏముందో తలుచుకుంటూ చెప్పుకుపోయాడు, మామ దాన్ని తెలుగులో మాకు చెప్పుకుపోయాడు. మూడో పేరా వచ్చేసరికి మామ అమ్మ వైపు తిరిగాడు. "అమ్మీ, నీకు పనిస్తారంట. ఇల్లు కూడా ఉంటాదంట" అని ఆయనే ముందు ఏడ్చాడు. "నానారోజే ఆఖరుదాకా సదివుంటే..." అని తల కొట్టుకున్నాడు. అమ్మ ఏడవలేదు. లోపలికి వెళ్ళి, ట్రంకుపెట్టె మీది గౌన్లు రెండూ తీసి దండెం మీద ఆరేసింది, అవి ఆరే ఉన్నా.

గడువు దాటిపోయింది. అయినా ఇన్‌స్పెక్టర్ ఆ సైకిల్ సీటు మీదే కాగితం పెట్టి, కబురు చేరినా అర్థం ఈ రోజే చేరిందని తన చేత్తో రాసి, అమ్మ వేలిముద్ర తీసుకున్నాడు. ఆదివారం మేనమామ వచ్చి, చేపల పులుసు తిని, ఒంటరిగా రైలెక్కాడు. సోమవారం ఇన్‌స్పెక్టర్ మళ్ళీ వచ్చాడు, కొత్త కాగితంతో. నాయనమ్మ గడప మీద చేతులు చాచి నిలబడింది. లోపలికి తేనివ్వదు. ఆయన నవ్వి, సైకిల్ వెనక కట్టుకొచ్చిన రేకు డబ్బా విప్పాడు. సిగ్నల్ దీపాల వత్తులు వచ్చిన డబ్బా అట, మూత బిగుతుగా పడేది. "లోపల పెట్టొద్దు మాయీ. గడప బయట పెట్టు. చింపకు, అంతే" అని వరండా గోడకి ఆయనే మేకు కొట్టాడు. దెబ్బ తప్పి వేలు నలిగింది. నాయనమ్మ పసుపు అద్దింది.

అమ్మకి స్టేషన్‌లో ఆడవాళ్ళ వెయిటింగ్ రూమ్‌లో ఆయా పని వచ్చింది. అప్పటినుంచి మా ఇంటికి ఫినైల్ వాసన కూడా చేరింది. నాయనమ్మ పళ్ళ నొప్పి తగ్గి చుట్ట మొదలైంది. తప్పు చేశానని ఆమె పోయేదాకా ఒప్పుకోలేదు. కానీ ఆ డబ్బాకి కాపలా ఆమే. వరసలో ఎవరింట్లో ఎవరు పోయినా, ఆఫీసు నుంచి కాగితం వస్తే చాలు, చింపబోయే చెయ్యి పట్టుకుని మా వరండాకి లాక్కొచ్చేది. నన్ను కూర్చోబెట్టి, "గుంటడా, ఆఖరుదాకా సదువు. మధ్యలో ఎవలు ఏడిసినా ఆపకు" అనేది. నాకు చదవడం రాకపోతే రేపు రమ్మనేది. రేపటికి నేను నేర్చుకుని తీరాలి. హిందీ అలా వచ్చింది. ఇంగ్లీషేమో రైల్వే గేటు దగ్గర ఆగిన వ్యాగన్ల మీది అక్షరాల్ని చూసి వచ్చింది. షెడ్డులో చేరాక కూడా నా చదువు అదే. ఏ కాగితమైనా మూడో పేరాదాకా వెళ్ళాలి, మనకి కావలసింది అక్కడే దాస్తారు. క్వార్టరు వదిలి తోర్వా వచ్చినప్పుడు డబ్బా కూడా మాతో వచ్చింది.

ఆ సైకిలాయనలాంటి మనిషి ఇప్పుడు ఏ ఇంటికీ రాడు. ఎందుకు రాలేదమ్మా అని ఎవరూ అడగరు. ఇన్ని పథకాలున్నాయి, గోడల నిండా బొమ్మలేసి చెబుతారు, అయినా లాల్‌ఖదాన్ పిల్లకి ఏ మెట్టెక్కాలో చెప్పే దిక్కులేక నాలాంటి ముసలాడి గేటు కొట్టాల్సి వచ్చింది. పార్వతిని ఆటోలో ఎక్కించుకుని, గవర్నమెంటు కాగితాలు తీసిచ్చే చాయిస్ సెంటర్‌కి బయలుదేరినప్పుడు నేను పోట్లాటకి సిద్ధమై వెళ్ళాను. అత్త కూడా వెనక సీటులో ఎక్కింది. ఆమె పేరు గున్నమ్మ అని దారిలో తెలిసింది. పోయిన కాగితానికి నకలు కావాలంటే ఎన్ని అఫిడవిట్లు అడుగుతారో, ఎన్ని వారాలు తిప్పుతారో, దేనికి ఏమనాలో అన్నీ మనసులో వరస పెట్టుకున్నాను. అక్కడ కూర్చున్న అమ్మాయి పేరు అడిగింది, తేదీ అడిగింది, ఏదో నొక్కింది. మాకు చెప్పిన టీ ఇంకా రానేలేదు, కాగితం వచ్చేసింది.

"అయిపోయిందా?" అన్నాను.

"హో గయా, అంకుల్. ఇంకో కాపీ కావాలా?"

ఇంకో కాపీ కావాలా! కూడబెట్టుకున్న కోపాన్ని ఏం చేసుకోవాలో తెలియక, అప్పుడొచ్చిన టీ గ్లాసు పట్టుకుని నిలబడిపోయాను. నవ్వొచ్చింది. మా అమ్మ జీవితం ఒక్క కాగితం మీద ఆధారపడింది, దాన్ని నాలుగు ముక్కలు చేస్తే అది లోకంలో ఇంకెక్కడా లేదు. ఇది ఏ నదిలో కలిపినా, రాయి కట్టి ముంచినా, మళ్ళీ పుడుతుంది. అప్పుడు మనిషి వచ్చాడు, కాగితం లేదు. ఇప్పుడు కాగితం ఉంది, మనిషి రాడు. రెండూ ఒకేసారి ఉంటే ఎంత బాగుండునని ఆశపడ్డాను, అయినా ఆ రోజుకి ఆ కాగితం చాలు. తిరిగి వచ్చాక గున్నమ్మ మొదటిసారి గేటు దాటి వచ్చి, "ఇంట్లోకి మాత్రం వద్దు బాబూ" అంది. "ఇంట్లోకి ఎవరు తెమ్మన్నారు?" అని డబ్బా మూత తీశాను. ఆమె అందులోకి తొంగి చూసింది, చెయ్యి పెట్టి చూసింది, తర్వాత తన కొడుకు కాగితాన్ని తనే మెల్లగా దింపింది. బుధవారం దాన్ని తీసుకుని క్యాంపుకి వెళ్ళాం. కౌంటరులో ఉన్నాయన అన్నీ చూసి తీసుకున్నాడు. ఒకేసారి ఇచ్చే సాయం ఫారం సంగతి కూడా ఆయనే చెప్పాడు, నేను అరవకముందే.

ఇరవై రోజులు దాటాక ఒక సాయంత్రం అత్తాకోడళ్ళిద్దరూ వచ్చారు. ఆరో తరగతి పిల్ల కూడా వచ్చింది, బడి బట్టల్లోనే. పార్వతికి ఫోన్లో మెసేజ్ వచ్చింది. తను చదివింది, అయినా నా నోట వింటే గాని అత్త నమ్మనంటోందట. గున్నమ్మ వరండాలో నేల మీద కూర్చుంది. నేను కళ్ళద్దాలు పెట్టుకున్నాను. మొదటి మాట ఏముంటుందోనని భయపడ్డాను, అబద్ధమెందుకు. మొదటి మాట "స్వీకృత్". మంజూరైంది అని. తర్వాత పార్వతి పేరు. తర్వాత ఏ నెల నుంచి వస్తుందో. పోయినవాడి పేరు అట్టడుగున ఉంది, చిన్నగా. నేను రాసిన ఉత్తరాలు చదివి ఇలా మార్చి ఉండరని నాకు తెలుసు. అయినా ఊపిరి పీల్చుకున్నాను.

తెలుగులో చెప్పుకుంటూ చివరి గీతదాకా చదివాను. కొడుకు పేరు వచ్చినప్పుడు ఆమె చెవులు మూసుకుంటుందేమోనని చూశాను. మూసుకోలేదు. మనవరాలిని ఒళ్ళోకి లాక్కుంది.

"ఆఖరుదాకా సదివినావా బాబూ?"

"సదివాను, గున్నమ్మా. ఇంకేం లేదు."

"ఇంకోపాలి సదువు" అంది.